ప్రోగ్రాములలో పచ్చజెండా, ఎర్రజెండా

హైదరాబాదులో జూబిలీ బస్సు స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకు పదకొండు కిలోమీటర్ల పొడవున మెట్రో రైలు మార్గము ఒకటి ఉన్నది. గాంధీ ఆస్పత్రి, ముషీరాబాదు, ఆర్.టి.సి. క్రాస్‌రోడ్సు, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజారు మొదలగు స్టేషన్లు దాని మీదనే ఉన్నవి. ఈ మార్గమును ప్రారంభించినది 2020 ఫిబ్రవరి 7వ తేదీన. కాని అప్పటికి చాలా ముందే స్తంభములు లేచినవి, పట్టాలు పడినవి, ప్రయాణికులు లేని బండ్లు పరీక్షార్థము తిరిగినవి. చిక్కడపల్లి మేడల మీద నిలిచి చూచినవారికి బండి కంటికి కనబడేది. ఎక్కుటకు మాత్రము వీలులేదు.

ఆ ఏడే కరోనా వ్యాధి వచ్చి మార్చి 22 నుండి మెట్రో బండ్లు నిలిచిపోయినవి. సెప్టెంబరు 7 మొదలుకొని ఒక్కొక్క మార్గమునే తిరిగి తెరచుచు వచ్చినారు. ఈ మార్గము వంతు 9వ తేదీన వచ్చినది. అయితే గాంధీ ఆస్పత్రి, ముషీరాబాదు స్టేషన్లు వ్యాధి కట్టడి ప్రాంతములలో ఉన్నందున వాటిని మూసియే ఉంచినారు. బండి ఆ రెంటి మీదుగానే పోయేది, కాని ఆగేది కాదు. చిక్కడపల్లిలో ఆగేది, నారాయణగూడలో ఆగేది. ఇందుకై ఎవరును పట్టాలు పీకలేదు, స్టేషన్లు కూల్చలేదు. ఏ స్టేషనులో ఆగవలెను, ఏ స్టేషనులో ఆగరాదు అనే చిన్న పట్టిక ఒకటి మారినది, అంతే.

నిర్మించుట వేరు, తెరచుట వేరు. రైలు విషయములో ఇది పసివానికి కూడ తెలిసిన సంగతే. విచిత్రమేమనగా, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు చాలకాలము ఈ రెంటిని ఒకటిగానే చూచినారు. కొత్త ప్రోగ్రాము యంత్రములోనికి ఎక్కిన క్షణమే అది జనుల చేతికి వచ్చేది. తప్పు బయటపడినచో పాత ప్రోగ్రామును వెదకి మరల ఎక్కించవలసినదే. ఈ రెంటిని విడదీయు ఉపాయమునకే ఆంగ్లములో ‘ఫీచర్ ఫ్లాగ్’ అని పేరు. ఫీచర్ అనగా ప్రోగ్రాము అందించు ఒక సదుపాయము; ఫ్లాగ్ అనగా జెండా. కాచిగూడ స్టేషనులో రైలు వెనుక పెట్టెలో గార్డు (2022 నుండి ఈ ఉద్యోగిని ట్రైన్ మేనేజరు అంటున్నారు) పట్టుకొను జెండా వంటిదే ఇది. బండి సిద్ధముగా ఉన్నను, పచ్చజెండా ఊపనిదే కదలదు. 2009లో ఫ్లికర్ అనే ఛాయాచిత్రముల వెబ్‌సైటువారు తమ ఇంజనీర్లు ఈ పద్ధతిని ఎట్లు వాడుచున్నారో వ్రాసి ప్రకటించినారు. అప్పటినుండి ఇది అన్ని దేశములలో వ్యాపించినది.

జావాస్క్రిప్టులో దీని అవసరము మరింత ఎక్కువ. ఎందువలన? జావాస్క్రిప్టు 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన భాష. దాని తొలిరూపమునకు పట్టినది పది రోజులే. ఈ భాషలో వ్రాసిన ప్రోగ్రాము సాధారణముగా దానిని తయారుచేసిన సంస్థ యంత్రములో పనిచేయదు. చదువరి ఫోనులోనికి, అతని బ్రౌజరులోనికి ప్రయాణము చేసి, అక్కడ పనిచేస్తుంది. (2009లో నోడ్ అనే సాధనము వచ్చిన తరువాత సంస్థల సర్వరు యంత్రములలోను ఈ భాష నడచుచున్నది, ఆ మాట వేరు.) ఇంటి కొళాయి చెడినచో ఇంట్లోనే బాగుచేసుకొనవచ్చును. వేయి ఇండ్లకు పంచిన కొళాయిలు ఒక్కసారిగా చెడినచో ఏమి చేయగలము? వీధి మొదట ఒక వాల్వు ఉండి తీరవలెను.

ఒక ఉదాహరణ తీసుకొందము. పోటీపరీక్షలకు చదువు యువకులు, యువతులు అశోక్‌నగరు గదులలో అద్దెకు ఉంటూ, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయములో చదువుకొనుట నగరములో అందరు ఎరిగినదే. అట్టి పఠన మందిరములో ముందుగా చోటు నిర్ణయించుకొనుటకు ఒక వెబ్ పేజీ ఉన్నదని అనుకొందము. ఇట్టి పేజీ ఆ గ్రంథాలయములో నిజముగా ఉన్నదని కాదు, ఉదాహరణకై కల్పించుకొన్నదే. పాత పద్ధతిలో ముందు అడిగినవారికి వరుసగా చోటు దొరుకును. కొత్త పద్ధతిలో మందిరము పటము కనబడును. కిటికీ ప్రక్కనో, పంకా క్రిందనో తనకు నచ్చిన కుర్చీని చదువరి తానే ఎన్నుకొనవచ్చును.

ఆదివారము పరీక్ష. శుక్రవారము రాత్రి కొత్త పేజీని పంపినారు. శనివారము తెల్లవారుజామున ఒకే కుర్చీని ఇద్దరికి ఇచ్చినట్లు తేలినది. పరీక్ష ముందటి రోజున చోటు దొరకనివాని బాధ ఎట్టిదో అధ్యాపకులకు వేరుగా చెప్పనక్కరలేదు. జెండా లేకపోయినచో ప్రోగ్రాము వ్రాసినవానిని నిద్రలేపవలెను, పాత ప్రోగ్రామును తిరిగి కూర్చవలెను, పరీక్షించవలెను, పంపవలెను. జెండా ఉన్నచో కాపలా ఉన్న ఉద్యోగి ఒక గడిలోని ‘ఔను’ను ‘కాదు’గా మార్చిన చాలును. తరువాత పేజీ తెరచినవారికి పాత పద్ధతియే కనబడును.

జెండాను వ్రాయుట

జెండాను ప్రోగ్రాములో వ్రాయుట మిక్కిలి సులభము. "‘కుర్చీ పటము’ అనే జెండా లేచి ఉన్నచో కొత్త పేజీ చూపుము, లేనిచో పాత పేజీ చూపుము" అని ఒక షరతు. ఏ భాషలోనైనను తొలి వారములోనే నేర్పు పాఠము. కాని జావాస్క్రిప్టులో ఈ చిన్న షరతులో కూడ ఒక గోయి ఉన్నది, ఎందరో అందులో పడినారు.

ఈ భాష షరతును పరీక్షించునపుడు ప్రతి విలువను ‘ఔను’ పక్షములోనో ‘కాదు’ పక్షములోనో వేసుకొనును. సున్న, ఖాళీ మాట, నిర్వచింపబడనిది, ఇట్టివి కొన్ని మాత్రమే ‘కాదు’ పక్షము. తక్కినవన్నియు ‘ఔను’ పక్షమే. జెండా విలువను బ్రౌజరు నిలువ పెట్టెలోనో, సర్వరు పరిసరాల పట్టికలోనో దాచినపుడు అది అక్షరముల మాటగా మారును. అనగా ‘ఫాల్స్’ అనే తార్కిక విలువకు బదులు, ‘ఫాల్స్’ అని ఆంగ్లములో వ్రాసిన అయిదు అక్షరముల మాట చేతికి వచ్చును. ఆ మాట ఖాళీ కాదు గదా! కనుక జావాస్క్రిప్టు దానిని ‘ఔను’గా తీసుకొనును. ఎర్రజెండా చూపితిమని ఉద్యోగి నిశ్చింతగా ఉండును. బండి మాత్రము కదలిపోవును. కాబట్టి బయటినుండి వచ్చిన విలువను ముందుగా సరియైన తార్కిక విలువగా మార్చి, ఆ తరువాతనే షరతులో వాడవలెను. ఇది చెప్పుటకు చిన్నది, మరచుటకు ఇంకను చిన్నది.

ఇదే స్వభావములో ఒక మేలు కూడ ఉన్నది. అసలు విలువయే రానిచో, అది నిర్వచింపబడనిదై ‘కాదు’ పక్షమునకే చేరును. అనగా సమాచారము అందనపుడు కొత్త సదుపాయము మూసియే ఉండును. జెండాకు పేరు పెట్టునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ‘కుర్చీ పటము తెరువు’ అని పేరుపెట్టినచో విలువ రానపుడు పాత పేజీ వచ్చును. ‘కుర్చీ పటము మూయుము’ అని వ్యతిరేకార్థములో పేరుపెట్టినచో, విలువ రానపుడు మూయుట అనేది జరుగదు, పరీక్షించని కొత్త పేజీ తెరచుకొనును. వ్యతిరేకార్థము గల పేరు పెట్టరాదని అనుభవజ్ఞులు పట్టుపట్టుటలో ఒక కారణము ఇదే.

జెండా విలువను ఎచ్చట ఉంచవలెను? ప్రోగ్రాములోనే ఒక స్థిరరాశిగా వ్రాయవచ్చును, కాని దానిని మార్చుటకు ప్రోగ్రామునే మరల పంపవలెను. అప్పుడు జెండా వలన లాభము సగమే. పేజీలను కూర్చు సమయములో విలువను నిర్ణయించినచో ఒక సౌకర్యము: మూసిన కొమ్మను కూర్పు సాధనము పూర్తిగా నరకివేయును, చదువరి ఫోనుకు అనవసరపు భారము పోదు. ఇందులోను విలువ మార్చుటకు మరల కూర్చవలసినదే. నిజమైన సౌలభ్యము విలువను సర్వరు మీద వేరొక పట్టికలో ఉంచి, పేజీ తెరచినపుడు తెచ్చుకొనుటలో ఉన్నది. ఇందుకై ప్రత్యేక సేవలు నడుపు సంస్థలున్నవి; స్వేచ్ఛగా వాడుకొనదగిన ప్రోగ్రాములును ఉన్నవి. 2022లో మొదలైన ఓపెన్‌ఫీచర్ అనే ప్రయత్నము ఏ సంస్థ సేవను వాడినను ప్రోగ్రాములో జెండాను అడుగు తీరు ఒక్కటిగా ఉండునట్లు చేయుచున్నది. జావాస్క్రిప్టునకు అది బ్రౌజరు వైపు ఒక సాధనమును, సర్వరు వైపు వేరొక సాధనమును ఇచ్చుట గమనింపదగినది. బ్రౌజరులో ఉండువాడు ఒక్కడే చదువరి. సర్వరు వద్దకు ఒకే క్షణమున వేలమంది వచ్చెదరు. ఒకరి జెండా మరొకరికి అంటరాదు.

విలువను దూరము నుండి తెచ్చుటలో ఒక చిక్కు ఉన్నది. జవాబు వచ్చుటకు సెకనులో కొంత భాగము పట్టును. ఆలోగా పేజీ పాత రూపములో కనబడి, జవాబు రాగానే కొత్త రూపమునకు దూకును. చదువరి ఒకచోట వేలు పెట్టబోగా అచ్చటికి వేరొక బొత్తాము వచ్చును. దీనిని తప్పించుటకు సర్వరే ముందుగా విలువను నిర్ణయించి పేజీతోపాటే పంపుట మంచిది. మరియొక నియమము: చదువరి ఒక పనిని మొదలుపెట్టిన పిమ్మట, అది ముగియు వరకు జెండా విలువను మార్చరాదు. కుర్చీని పటములో ఎన్నుకొని, ఖాయము చేయబోవునంతలో పాత పేజీ ప్రత్యక్షమైనచో అతనికి మతి పోవును.

జెండా తాళము కాదు అనునది కూడ ఇక్కడనే చెప్పవలెను. బ్రౌజరులోనికి వచ్చిన ప్రోగ్రామును తెరచి చదువుటకు బ్రౌజరులోనే పనిముట్లున్నవి. తెలిసిన విద్యార్థి జెండాను తానే ఎత్తుకొనగలడు. నారాయణగూడ ఇంజనీరింగు కళాశాలలలో ఈ విద్య నేర్చినవారు కొందరైనను ఉండక మానరు! కనుక ఎవరికి అర్హత ఉన్నది, ఎవరికి లేదు అను పరీక్షను సర్వరే చేయవలెను. జెండా కనబడుట, కనబడకుండుటల వరకే.

కొద్దికొద్దిగా తెరచుట

ఔను, కాదు అను రెండే విలువలైనచో జెండాకు ఇంత ప్రసిద్ధి వచ్చియుండదు. దాని బలము కొందరికి ఔను, కొందరికి కాదు అనుటలో ఉన్నది. మొదట గ్రంథాలయ ఉద్యోగులకు మాత్రము తెరువవచ్చును. తరువాత నారాయణగూడ చదువరులకు, పిమ్మట చిక్కడపల్లివారికి, జనము ఎక్కువగా ఉండు అశోక్‌నగరువారికి చివరను తెరువవచ్చును. లేదా పేటలతో పనిలేకుండ నూటికి పదిమందికి తెరువవచ్చును.

నూటికి పదిమంది అనగానే విద్యార్థికి తోచు ఉపాయము చీట్లు వేయుట. జావాస్క్రిప్టులో యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చు సాధనము సిద్ధముగా ఉన్నది: అడిగినపుడెల్ల సున్న మొదలుకొని ఒకటికి లోపల ఒక సంఖ్యను ఇచ్చును. అది 0.1 కంటె తక్కువైనచో తెరచుట. ఈ ఉపాయము పనికిరాదు. ఏలననగా పేజీ తెరచిన ప్రతిసారి చీటి కొత్తగా పడును. ఉదయము పటము కనబడిన చదువరికి మధ్యాహ్నము కనబడదు, సాయంత్రము మరల కనబడును. కావలసినది ఏమనగా, చదువరుల మధ్య పంపిణీ చీట్లు వేసినట్లు ఉండవలెను. కాని ఒక్కొక్క చదువరికి ఎప్పుడడిగినను ఒకే జవాబు రావలెను.

ఇందుకు శేషముల గణితము సాయపడును. ఒక చదువరి సభ్యత్వ సంఖ్య 2734 అనుకొందము. మన జెండాకు వరుస సంఖ్య 5. జెండా సంఖ్యతో మొదలుపెట్టి, ప్రతిసారి 31తో గుణించి, సభ్యత్వ సంఖ్యలోని తరువాతి అంకెను కలిపి, 100తో భాగించి శేషమును మాత్రము ఉంచుకొందము. 5ను 31తో గుణించి 2 కలుపగా 157, శేషము 57. దానిని 31తో గుణించి 7 కలుపగా 1774, శేషము 74. మరల గుణించి 3 కలుపగా 2297, శేషము 97. కడపట 4 కలుపగా 3011, శేషము 11. ఇక ఈ చదువరి గది సంఖ్య 11. సున్న నుండి తొంబదితొమ్మిది వరకు నూరు గదులున్నవి. నూటికి పదిమందికి తెరచుట అనగా 10 కంటె తక్కువ గదులకు తెరచుట. 11వ గదివానికి కొత్త పేజీ రాదు. రేపు ముప్పదికి పెంచినచో వచ్చును. తరువాత ఎన్నటికిని పోదు. ముందు తెరచిన పదిమందియు ఆ ముప్పదిలో ఉండనే ఉందురు.

జెండా సంఖ్యను ఎందుకు కలిపినట్లు? అది లేనిచో ప్రతి కొత్త ప్రయోగము ఆ మొదటి పదిమంది నెత్తిననే పడును. ఇదే చదువరికి 6వ జెండా విషయములో లెక్కించి చూడుడు; శేషములు 88, 35, 88, 32 వచ్చును. అనగా ఆ జెండాకు అతడు 32వ గదివాడు. జెండా జెండాకు గదులు మారుచుండును.

తరగతిలో పిల్లలచేత ఈ లెక్క చేయించినచో చురుకైనవాడు ఒక లోపము పట్టుకొనును. 2735 సంఖ్యవానికి 5వ జెండాతో లెక్కించినచో 12 వచ్చుచున్నది. ఇరుగు సంఖ్యలకు పొరుగు గదులు! ఒకే రోజున వరుసలో నిలిచి సభ్యులైన మిత్రులందరు ఒకే గుంపులో పడుదురు. నిజమే. అందువలననే వాడుకలో ఇంతకంటె బాగుగా కలియదిప్పు మర్మర్‌హాష్ వంటి పద్ధతులను వాడుదురు. అందులో ఒక్క అంకె మారినను ఫలితము పూర్తిగా వేరగును. మూలసూత్రము మాత్రము ఇదే.

ఇట్లు కొద్దికొద్దిగా తెరువనందున ఏమి జరుగునో 2025లో లోకమంతయు చూచినది. ఆ సంవత్సరము మే 29న గూగుల్ సంస్థ తన క్లౌడు సేవలకు వచ్చు ప్రతి కోరికను తనిఖీ చేయు ప్రోగ్రాములో ఒక కొత్త భాగమును చేర్చినది. ఆ భాగము ప్రపంచములోని అన్ని కేంద్రములకు చేరినది. కాని దానిని పనిచేయించు సమాచారము అప్పటికి రానందున ఎవరికిని దాని లోపము తెలియలేదు. జూన్ 12న కొన్ని గళ్లు ఖాళీగా ఉన్న సమాచారము పట్టికలోనికి వచ్చి, కొన్ని సెకనులలో భూగోళమంతటికి ప్రాకినది. ఖాళీ గడిని ఎదుర్కొనలేక ప్రోగ్రాము ప్రతిచోట కూలి, లేచి, మరల కూలినది. ఆ సేవల మీద ఆధారపడిన ఎన్నో సంస్థల పనులు ఆగిపోయినవి. ఆ భాగమును ఆపుటకు ఒక ‘ఎర్ర బొత్తాము’ ముందే అమర్చి ఉన్నందున, దానిని నలుబది నిమిషములలో అన్ని చోట్ల నొక్కగలిగినారు. అయినను ఒక పెద్ద కేంద్రము పూర్తిగా కోలుకొనుటకు రెండు గంటల నలుబది నిమిషములు పట్టినది. ఆ కొత్త భాగమునకు జెండా రక్షణ లేదనియు, ఉన్నచో లోపము ముందే, పరీక్షా దశలోనే దొరికెడిదనియు సంస్థయే తన నివేదికలో ఒప్పుకొన్నది. మూయుటకు బొత్తాము ఉన్నది. కొద్దికొద్దిగా తెరచుటకు జెండా లేదు. రెండును ఒకటి కావు.

పాత జెండాల ప్రమాదము

ఇంతవరకు విన్నవారికి ప్రతిదానికి ఒక జెండా పెట్టినచో సరిపోవునని తోచవచ్చును. అట్లు చేసిన సంస్థలున్నవి, వాటి కష్టములును ఉన్నవి. ఒక జెండాకు రెండు స్థితులు. పది జెండాలకు 1,024 స్థితులు. ఇరువది జెండాలైనచో 10,48,576. పరీక్షించువారు ఇన్నింటిని ఏనాటికిని పరీక్షించలేరు. ఒకదానితో ఒకటి సంబంధము గల జెండాలనైనను కలిపి పరీక్షించవలెను; ప్రతి జెండాను లేచినపుడు, దిగినపుడు, రెండు విధముల చూడవలెను. దిగిన స్థితిని చూడనివారే ఎక్కువ. ఆపద వచ్చినపుడు పరుగెత్తవలసినది ఆ స్థితికే అని వారికి తోచదు.

అంతకంటె పెద్ద ప్రమాదము పని ముగిసినను తీయని జెండా. దీనికి అందరు చెప్పుకొను కథ అమెరికాలోని నైట్ కాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థది. ఆ సంస్థ ప్రోగ్రాములో ‘పవర్ పెగ్’ అనే పాత భాగము ఒకటి ఉండెను. 2003లోనే దాని వాడకము మానినారు, కాని ప్రోగ్రాములోనుండి తీసివేయలేదు. 2005లో ప్రోగ్రాములోని ఒక లెక్కను వేరొకచోటికి మార్చినారు: కోరినన్ని షేర్లు కొన్న తరువాత ఇక చాలు అని ఆపు లెక్క అది. దానితో పవర్ పెగ్ ఆగుట మరచినది. వాడకములో లేదు గనుక ఎవరును గమనింపలేదు. 2012లో కొత్త సదుపాయము ఒకటి వ్రాసి, దానికి కొత్త జెండా ఏల అని, పవర్ పెగ్‌ను లేపుటకు వాడిన పాత జెండానే వాడుకొన్నారు. కొత్త ప్రోగ్రామును ఎనిమిది సర్వర్లలో ఎక్కించవలెను, ఏడింటిలోనే ఎక్కినది. ఆగస్టు 1వ తేదీ ఉదయము బజారు తెరచినారు, జెండా లేచినది. ఏడు సర్వర్లలో ఆ జెండాకు అర్థము కొత్త సదుపాయము. ఎనిమిదవ దానిలో దాని అర్థము తొమ్మిదేండ్లుగా నిద్రించుచున్న పవర్ పెగ్!

నలుబదియైదు నిమిషములలో ఆ సంస్థ 212 కోరికలను తీర్చబోయి, 154 కంపెనీల షేర్లలో నలుబది లక్షల లావాదేవీలు జరిపినది. చేతులు మారిన షేర్లు 39 కోట్ల 70 లక్షలు. నష్టము 46 కోట్ల డాలర్లకు పైమాట. బజారు తెరువక ముందే ఆ లోపమును సూచించు 97 ఉత్తరములను వారి యంత్రమే ఉద్యోగులకు పంపినది; వాటిని హెచ్చరికలుగా ఎవరును చూడలేదు. గాభరాలో కొత్త ప్రోగ్రామును ఆ ఏడు సర్వర్లనుండి తీసివేసినారు. దానితో ఏడింటిలోను పాత పవర్ పెగ్ మేల్కొన్నది! మరుసటి సంవత్సరము అక్టోబరులో అమెరికా షేర్ల నియంత్రణ సంఘము వారికి ఒక కోటి ఇరువది లక్షల డాలర్ల జరిమానా విధించినది.

నైట్ సంస్థ ప్రోగ్రాము బ్రౌజరులో నడచినది కాదు. కాని జావాస్క్రిప్టు వ్రాయువారికి ఈ కథ మరింత దగ్గరది. వారికి ఉన్నవి ఎనిమిది సర్వర్లు కావు. ఎందరు చదువరులో అన్ని యంత్రములు. అశోక్‌నగరు గదిలో ఒక అభ్యర్థి గ్రంథాలయము పేజీని పది రోజుల క్రిందట తెరచి, మూయక, ఇతర పేజీల వెనుక వదలివేసినాడనుకొందము. అతని బ్రౌజరులో ఉన్నది పది రోజులనాటి ప్రోగ్రాము. సర్వరు నుండి వచ్చు జెండా విలువలు మాత్రము నేటివి. పాత ప్రోగ్రాము కొత్త విలువను చదివి, పేరు ఒకటే గనుక, పాత అర్థముననే తీసుకొనును. ఆ బ్రౌజరే ఎనిమిదవ సర్వరు. అట్టివి ఎన్ని ఉన్నవో ఎవరును లెక్కపెట్టలేరు.

ఇందువలన జెండాల నిర్వహణలో ఒక దినచర్య ఏర్పడినది. జెండాలన్నియు ఒక తరగతికి చెందవని మొదట గుర్తించవలెను. కొత్త సదుపాయమును తెరచుటకై పెట్టిన జెండా కొన్ని వారములలో పోవలసినది. రెండు పద్ధతులలో ఏది మేలో తేల్చు ప్రయోగమునకు పెట్టినది, లెక్క తేలిన వెంటనే పోవలసినది. ఆపద సమయమున బరువైన పనిని ఆపుటకు పెట్టినవి కొన్ని చిరకాలము ఉండవచ్చును. ఫలితములు వెలువడిన రోజున అందరు ఒక్కసారి వచ్చి పడినపుడు పటము గీయుట మాని, వట్టి వరుస సంఖ్యలు చూపుటకు ఉంచిన జెండా అట్టిది. ఉద్యోగులకు వేరు, సభ్యులకు వేరు సదుపాయములు చూపునవి కూడ నిలుచునవే.

కనుక పుట్టిన ప్రతి జెండాను ఒక దఫ్తరులో ఎక్కింపవలెను: పేరు, ఎందులకు పెట్టినది, ఎవరి పూచీ, పుట్టిన తేదీ, విలువ రానపుడు ఏమి అనుకొనవలెను, తీసివేయవలసిన తేదీ. గ్రంథాలయము పుస్తకమునకు గడువు చీటి అంటించినట్లే ఇది. గడువు దాటిన పుస్తకమునకు జరిమానా ఉన్నట్లు, గడువు దాటిన జెండా ప్రోగ్రాములో మిగిలి ఉన్నచో పరీక్షలే విఫలమగునట్లు కొందరు ఏర్పాటు చేసికొందురు. ఇది కొంచెము కఠినమే. కాని జ్ఞాపకము మీద ఆధారపడిన పద్ధతులన్నియు తొమ్మిదేండ్లు నిద్రించుటకే వీలిచ్చినవి.

తీసివేయుటకు కూడ వరుస ఉన్నది. అందరికి తెరచి, కొన్నాళ్లు చూచి, లోపము లేదని తేలిన తరువాత, ముందు ప్రోగ్రాములోని షరతును, పాత కొమ్మను తీసివేయవలెను. సర్వరు పట్టికలోని విలువను వెంటనే తుడిచివేయరాదు. తుడిచినచో అశోక్‌నగరు గదిలో తెరచి వదలిన ఆ పాత పేజీకి విలువ అందదు. అది ‘కాదు’ అనుకొని, ఈపాటికి సర్వరు మరచిపోయిన పాత పద్ధతిని పట్టుకొనును. పాత పేజీలన్నియు మరల తెరువబడుటకు తగినంత కాలము ఆగవలెను. తమ ప్రోగ్రాము పాతబడినదని పేజీయే గ్రహించి చదువరిని తిరిగి తెరువుమని కోరు ఏర్పాటు ఉన్నచో ఈ కాలము తగ్గును. ఆ పిమ్మటనే విలువను తుడువవలెను. పేరు మాత్రము దఫ్తరులోనే, కొట్టివేసిన గీత క్రింద ఉండిపోవును. గ్రంథాలయములో ఒక పుస్తకము పోయినచో దాని ప్రవేశ సంఖ్యను మరొక పుస్తకమునకు ఇవ్వరు గదా, ఆ పేరును కూడ మరొక జెండాకు ఇవ్వరు.